కంచు మనిషి కంట్లో తళుకు



1975 జూన్‌లో అమెరికాలో వార్నర్ బ్రదర్స్ సంస్థ ఒక సాహస చిత్రాన్ని విడుదల చేసింది. దాని పేరు 'డాక్ సావేజ్: ది మ్యాన్ ఆఫ్ బ్రాంజ్'. డాక్ సావేజ్ అనేది హీరో పేరు. దేశదేశాల ఎండలకు కాలి ఒళ్లంతా కంచు రంగు తేలిన మనిషి కాబట్టి కంచు మనిషి అని బిరుదు. ఆ సినిమాలో ఈ హీరో నిలబడి చిరునవ్వు నవ్వితే అతని కంట్లో ఒక నక్షత్రం తళుక్కుమంటుంది. నటుడి కన్ను సహజంగా మెరవడం కాదు, ఫిల్ము మీద బొమ్మ గీసి పెట్టిన మెరుపు. పళ్లపొడి ప్రకటనల్లో పలువరస మీద మెరిపిస్తారే, ఆ బాపతు. డాక్ సావేజ్ నవలలు చదవనివాళ్లకు అదొక సరదా. చదివినవాళ్లకు మాత్రం ఆ ఒక్క మెరుపుతో సంగతంతా అర్థమైపోయింది. ఈ సినిమా తీసినవాళ్లు తమ హీరోని నమ్మలేదు.

ఈ పూట నేను చెప్పదలుచుకున్నది ఆ నమ్మకం గురించే. నవలని సినిమాగా తీస్తే అభిమానులు గొడవ చేయడం ఎక్కడైనా ఉన్నదే. పాత్ర తీసేశారని, ముగింపు మార్చారని, హీరోయిన్ జుట్టు రంగు వేరని తగువులు పడతారు. వాటిలో చాలా తగువులు రెండేళ్లలో చల్లారిపోతాయి. డాక్ సావేజ్ అభిమానుల బాధ మాత్రం యాభై ఏళ్లయినా చల్లారలేదు. దానికి కారణం మార్పులు కాదని నేననుకుంటాను.

మన వైపు ఈ పేరు విన్నవాళ్లు తక్కువ కాబట్టి ముందు ఆ మనిషి ఎవరో చెప్పాలి. 1933 నాటి అమెరికాని ఊహించుకోండి. బ్యాంకులు వరసగా మూతపడుతున్నాయి. పనుల్లేక జనం ఉచిత భోజనం కోసం వీధుల్లో బారులు తీరుతున్నారు. ఆ రోజుల్లో చవక కాగితం మీద అచ్చేసి 10 సెంట్లకు అమ్మే కథల పత్రికలు ఉండేవి. వాటిని పల్ప్ పత్రికలనేవారు. న్యూయార్క్‌లో స్ట్రీట్ అండ్ స్మిత్ అనే పాత ప్రచురణ సంస్థ 1931లో 'ది షాడో' అనే పత్రిక మొదలుపెట్టి బాగా సంపాదించింది. చీకట్లో తిరుగుతూ నేరస్థులను వణికించే వీరుడి కథలవి. అది కుదిరింది కదా, దీనికి పూర్తిగా ఎదురుగా, పట్టపగటి వెలుగులో నిలబడే వీరుడొకడు కావాలని ఆ సంస్థలోని హెన్రీ రాల్‌స్టన్, సంపాదకుడు జాన్ నానోవిక్ ఆలోచించారు. రాసే పని లెస్టర్ డెంట్ చేతికి వచ్చింది. మిస్సోరి రాష్ట్రంలో 1904లో పుట్టినవాడు, టెలిగ్రాఫ్ ఆపరేటరుగా పనిచేస్తూ రాత్రి డ్యూటీల్లో కథలు రాయడం మొదలుపెట్టినవాడు ఈ డెంట్. 1933 మార్చి సంచికతో డాక్ సావేజ్ పత్రిక ప్రారంభమైంది. 1949లో ఆగిపోయేసరికి 181 సంచికలు వచ్చాయి. ప్రతి సంచికలోనూ ఒక పూర్తి నవల. వాటిలో 160 దాకా డెంట్ ఒక్కడే రాశాడు. ముఖచిత్రం మీద మాత్రం అతని పేరు కాకుండా కెన్నెత్ రోబ్సన్ అని సంస్థ పెట్టిన కలం పేరు ఉండేది.

ఇక డాక్ సావేజ్. అసలు పేరు క్లార్క్ సావేజ్ జూనియర్. పసితనంలోనే తండ్రి అతన్ని శాస్త్రవేత్తల చేతుల్లో పెట్టాడు. ఈ బిడ్డ పెద్దయ్యాక ప్రపంచంలో అన్యాయం ఎక్కడున్నా అక్కడికి వెళ్లి నిలబడాలన్నది తండ్రి పథకం. అతను శస్త్రవైద్యుడు, రసాయన శాస్త్రం తెలిసినవాడు, ఇంజనీరు, అనేక భాషలు మాట్లాడగలవాడు. రోజూ రెండు గంటలు వ్యాయామం చేస్తాడు. కండలకే కాదు, చెవికీ ముక్కుకీ వేళ్లకీ కూడా ఆ వ్యాయామం. న్యూయార్క్‌లో ఆకాశాన్నంటే భవనంలో 86వ అంతస్తు అతని కార్యాలయం. మనుషుల మొహం చూడకుండా చదువుకోవడానికి ఉత్తరధ్రువపు మంచులో ఒక ఏకాంత దుర్గం. ఏదైనా ఆలోచనలో పడ్డప్పుడు తనకు తెలియకుండానే అతని గొంతులోంచి ఒక సన్నని కూజితం వస్తుంది. అది గదిలో ఏ మూల నుంచి వస్తోందో ఎవరూ పోల్చుకోలేరు. సాధ్యమైనంతవరకు ఎవరినీ చంపడు. గాజు గోళీల్లో మత్తు వాయువు నింపి, విసిరి, శత్రువుని నిద్రపుచ్చుతాడు.

అతనికి ఐదుగురు స్నేహితులు. అందరూ మొదటి ప్రపంచ యుద్ధంలో కలిసి పోరాడినవాళ్లు. మంక్ రసాయన శాస్త్రజ్ఞుడు, చూడ్డానికి గొరిల్లాలా ఉంటాడు. హామ్ న్యాయవాది, బట్టలు నలగడం సహించని సొగసుకాడు, చేతికర్రలో కత్తి దాచుకుని తిరుగుతాడు. వీళ్లిద్దరూ పొద్దస్తమానం కొట్టుకు చస్తారు, ఒకరి కోసం ఒకరు ప్రాణమూ ఇస్తారు. రెన్నీ ఇంజనీరు, బరువైన పిడికిళ్లతో తలుపులు పగలగొట్టడం అతనికి సరదా. లాంగ్ టామ్ విద్యుత్తు నిపుణుడు. జానీ పురావస్తువులు, భూగర్భం తెలిసిన పండితుడు. వీళ్లు కాక డాక్‌కి పట్రీషియా అనే కజిన్ ఉంది. అందాల సెలూన్ నడుపుకుంటూ, ప్రమాదం వాసన వస్తే చాలు పిలవకుండానే వచ్చి దూకే పిల్ల. నాకు ఈ నవలల్లో మంక్, హామ్ తగువుల తర్వాత అంత ఇష్టమైన మనిషి ఆమే. సినిమాలో ఆమె లేదు.

మొదటి నవలలో ఒక చిన్న ఏర్పాటు ఉంది. రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి దాన్ని చెప్పకుండా ఉండలేను. ఇంత మంది, ఇన్ని విమానాలు, ఇన్ని ప్రయోగశాలలు, వీటికి డబ్బెక్కడిది? మధ్య అమెరికాలో హిడాల్గో అనే కల్పిత దేశం. అక్కడ బయటి లోకానికి తెలియని ఒక లోయలో మాయన్ ప్రజలు కాపలా కాస్తున్న బంగారం ఉంది. తండ్రి చనిపోతూ కొడుక్కి మిగిల్చింది ఆ లోయకు దారి. డాక్‌కి డబ్బు కావలసినప్పుడు ఏడో రోజున సరిగ్గా మధ్యాహ్నం వేళ మాయన్ భాషలో నాలుగు మాటలు రేడియోలో ప్రసారం చేస్తే చాలు. లోయలో ఆ గడియకు రేడియో పెట్టుకుని వినేవాళ్లుంటారు. విని, కంచరగాడిదల మీద బంగారం పంపిస్తారు. 1933లో రేడియో అంటే జనానికి ఎంత అబ్బురమో ఈ ఒక్క కల్పన చెబుతుంది. పస్తులున్న జనం 10 సెంట్లు పెట్టి కొనుక్కున్నది ఈ ధీమాని.

ఈ నవలల్లో లోపాలు లేవని నేననను. నెల తిరిగేసరికి ఒకటి రాయాలి కాబట్టి డెంట్ పరుగెత్తి రాశాడు. కొన్నిచోట్ల వాక్యం కుంటుతుంది. కొండజాతుల్నీ దూరదేశాల మనుషుల్నీ చూపించిన తీరు ఈనాడు చదివితే ఇబ్బందిగా ఉంటుంది. అన్నింటికన్నా ఇబ్బంది పెట్టే విషయం ఇంకొకటుంది. పట్టుబడ్డ నేరస్థులను డాక్ పోలీసులకు అప్పగించడు. న్యూయార్క్ రాష్ట్రపు ఎగువ ప్రాంతంలో తను నడిపే రహస్య వైద్యశాలకు పంపి, మెదడుకి శస్త్రచికిత్స చేసి, వాళ్ల గతాన్ని తుడిచేసి, ఒక వృత్తి నేర్పించి కొత్త మనిషిగా బయటికి పంపుతాడు. డెంట్ దీన్ని దయగానే రాశాడు. మనకు ఒళ్లు జలదరిస్తుంది. ఇన్ని ఉన్నా ఆ పుస్తకాలు పట్టుకుంటే వదలవు. కారణం ఒకటే. డెంట్ తన కథని ఎక్కడా చిన్నచూపు చూడడు. 86వ అంతస్తు కిటికీలోంచి తూటా దూసుకొచ్చిందంటే నిజంగా వచ్చినట్టే రాస్తాడు. తలుపు తాళం ఎలా పనిచేస్తుందో, విమానం నీళ్ల మీద ఎలా దిగుతుందో, మత్తు వాయువు ఎన్ని క్షణాల్లో చెదిరిపోతుందో ఓపికగా చెబుతాడు. అబద్ధం ఎంత పెద్దదైతే వివరం అంత కచ్చితంగా ఉండాలని తెలిసిన రచయిత అతను.

డెంట్ 1959లో చనిపోయాడు. అప్పటికి పత్రిక ఆగి పదేళ్లు. అంతటితో కథ ముగిసేదే. కానీ 1964లో బాంటమ్ సంస్థ ఈ నవలలను పేపర్‌బ్యాకులుగా వెయ్యడం మొదలుపెట్టింది. ముఖచిత్రాలు జేమ్స్ బామా అనే చిత్రకారుడివి. చిరిగి పీలికలైన చొక్కా, కండలు తిరిగిన చేతులు, నుదుటి మీదికి కత్తి మొనలా దిగిన జుట్టు, నవ్వు లేని ముఖం. ఆ బొమ్మ చూస్తే పుస్తకం చేతిలోకి తీసుకోకుండా ఉండలేం. తాతల కాలపు కథలని మనవల తరం లక్షల ప్రతులు కొని చదివింది. హైదరాబాదులో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పరిచే పాత పుస్తకాల్లో నాకు దొరికినవీ ఈ బాంటమ్ ప్రతులే. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌నీ, మధుబాబు గారి షాడోనీ అద్దె పుస్తకాల షాపుల్లోంచి తెచ్చుకుని, తిరిగిచ్చే గడువులోపల ఇంటిల్లిపాదీ చదివినవాళ్లకు ఆ అభిమానం ఎలాంటిదో నేను చెప్పనక్కరలేదు. 1973లో ఫిలిప్ హోసే ఫార్మర్ అనే పేరున్న సైన్స్ ఫిక్షన్ రచయిత డాక్ సావేజ్‌కి ఏకంగా ఒక జీవితచరిత్రే రాశాడు. నిజంగా బతికిన మనిషి అన్నట్టుగానే పుట్టుపూర్వోత్తరాలు, వంశవృక్షంతో సహా.

ఇంతమంది ఎదురుచూస్తున్న వేళ సినిమా తీయడానికి ముందుకొచ్చిన నిర్మాత జార్జ్ పాల్. ఆ పేరు వినగానే అభిమానులు పొంగిపోయి ఉండాలి, దానికి తగిన కారణమూ ఉంది. 1908లో హంగేరీలో పుట్టి, బొమ్మలతో యానిమేషన్ చిత్రాలు తీస్తూ అమెరికా చేరి, హాలీవుడ్ సైన్స్ ఫిక్షన్‌కి గౌరవం తెచ్చిన మనిషి ఆయన. 1950లో 'డెస్టినేషన్ మూన్', 1953లో 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్', 1960లో 'ది టైమ్ మెషీన్'. చివరి రెండూ హెచ్.జి. వెల్స్ నవలలే. దర్శకుడు మైఖేల్ ఆండర్సన్ కూడా తక్కువవాడు కాదు, 'ది డామ్ బస్టర్స్', 'ఎరౌండ్ ది వరల్డ్ ఇన్ 80 డేస్' తీసినవాడు. హీరోగా రాన్ ఈలీ. అంతకుముందు టెలివిజన్‌లో టార్జాన్‌గా పేరు తెచ్చుకున్న ఆజానుబాహువు. కథగా మొదటి నవలనే తీసుకున్నారు. ఉత్తరధ్రువపు దుర్గం, 86వ అంతస్తు, ఐదుగురు స్నేహితులు, తండ్రి మరణం, హిడాల్గో, బంగారం, అన్నీ ఉన్నాయి. కాగితం మీద చూస్తే ఇంతకన్నా నమ్మకంగా నవలని అనుసరించిన సినిమా ఉండదనిపిస్తుంది.

తెర మీద జరిగింది వేరు. సంగీతం సంగతి తీసుకోండి. జాన్ ఫిలిప్ సూజా అని అమెరికా సైనిక బ్యాండు సంగీతానికి రారాజు ఒకాయన ఉండేవాడు. డాక్ సావేజ్ పుట్టడానికి ఒక ఏడాది ముందు చనిపోయాడు. ఆయన కవాతు బాణీలను తెచ్చి, హీరోని కీర్తించే మాటలు కట్టి, బృందగానంగా పాడించారు. హీరో నడిచినా ఆ కవాతే, కొట్టినా ఆ కవాతే. ఆ బాణీల్లో తప్పు లేదు. కానీ వాటిని వాడిన చోటల్లా ఈ వీరుణ్ణి చూసి నవ్వుకోండని ప్రేక్షకుణ్ణి మోచేత్తో పొడిచినట్టుంటుంది. ప్రతినాయకుల్లో ఒకడు పసిపిల్లల ఊయల మంచం లాంటిదాన్ని మనిషంత చేయించుకుని అందులో పడుకుంటాడు. అతను అలా ఎందుకు పడుకున్నాడో కథకి అవసరం లేదు, నవ్వుకి తప్ప.

పతాక ఘట్టం ఇంకా నొప్పి కలిగిస్తుంది. ప్రధాన ప్రతినాయకుడు కెప్టెన్ సీస్‌తో డాక్ తలపడతాడు. నవలల్లో డాక్ యుద్ధవిద్యలన్నీ సాధన చేసినవాడు కాబట్టి ఇదొక గొప్ప సన్నివేశం కావలసింది. సినిమాలో ఇద్దరూ ఒక్కో విద్యకీ భంగిమ మార్చినప్పుడల్లా తెర కింద ఆ విద్య పేరు అక్షరాల్లో పడుతుంది. ఇప్పుడు కుంగ్‌ఫూ, ఇప్పుడు కరాటే, ఇప్పుడు సుమో. పోరాటం ముగిశాక, నేను ఇందాక చెప్పిన ఆ మెదడు చికిత్స వస్తుంది. దాన్నీ నవ్వులాటగానే తేల్చేశారు. చివరికి ఆ క్రూరుడు క్రిస్మస్ వేళ వీధిలో సాల్వేషన్ ఆర్మీ బ్యాండు నడిపిస్తూ కనిపిస్తాడు. ఒక మనిషి జ్ఞాపకాలను తుడిచెయ్యడానికి ఇంకొక మనిషికి హక్కుందా అన్న ప్రశ్న ఈ కథలన్నింటి అడుగునా ఉంది. 1970ల అమెరికాలో ఆ ప్రశ్నకి ఎంత బరువుండేది! దాన్ని తీసుకుని ఒక పెద్ద సినిమా తీయవచ్చు. చేతికొచ్చిన వజ్రాన్ని వీళ్లు గులకరాయిలా విసిరేశారు.

ఒక్క చోట మాత్రం పాత జార్జ్ పాల్ కనిపిస్తాడు. నవలలో 'ఎర్ర చావు' అనే అంటువ్యాధి ఉంటుంది. సినిమాలో దాన్ని 'ఆకుపచ్చ చావు'గా మార్చారు. గాలిలో తేలుతూ, మెరుస్తూ వచ్చే పచ్చని పాముల్లాంటి ఆకారాలు మనుషులను చుట్టుముట్టి చంపుతాయి. నవలలో ఇది లేదు. అయినా అభిమానులు దీని మీద పెద్దగా కోపగించుకోరు, ఎందుకంటే అక్కడ తీసినవాళ్లు భయపెట్టాలనే తీశారు, భయం వేస్తుంది. రాన్ ఈలీ గురించీ ఇదే చెప్పాలి. చుట్టూ అందరూ వెక్కిరింత వేషాలు వేస్తుంటే ఆయన ఒక్కడూ నిటారుగా నిలబడి, ప్రతి మాటా మనసులోంచి వచ్చినట్టు పలికాడు. ఈ సినిమా అంటే మండిపడే అభిమానులు కూడా ఈలీని పల్లెత్తు మాట అనరు. 2024లో ఆయన కన్నుమూశారు. సరైన సినిమా దొరికి ఉంటే జేమ్స్ బామా బొమ్మ లేచి నడిచినట్టుండేది.

అసలు ఎందుకిలా తీశారు? నాకు కనిపించే కారణం టెలివిజన్. 1966 జనవరిలో అమెరికాలో 'బ్యాట్‌మ్యాన్' ధారావాహిక మొదలైంది. అందులో హీరో ఆడం వెస్ట్ గంభీరంగా ముఖం పెట్టుకుని పిచ్చి మాటలు పలకడం, దెబ్బ తగిలితే తెర నిండా శబ్దం అక్షరాలుగా పడటం చూసి దేశమంతా ఊగిపోయింది. అతిశయాన్ని కావాలనే ఇంకా అతి చేసి, ఇదంతా ఉత్తదేనని ప్రేక్షకుడితో రహస్యం పంచుకోవడం ఆ పద్ధతి. క్యాంప్ అంటారు దాన్ని. రచయిత్రి సుసాన్ సొంటాగ్ 1964లోనే దీని మీద ఒక ప్రసిద్ధ వ్యాసం రాసింది. తాను వింతగా ఉన్నానని తెలియక నిజాయితీగా ఉన్నదే స్వచ్ఛమైన క్యాంప్ అని, తెలిసి వేసే వేషం దానికన్నా తక్కువ తృప్తినిస్తుందని అందులో ఆమె వాదన. ఆ మాట నిర్మాతల చెవిన పడలేదు. బ్యాట్‌మ్యాన్ ధారావాహిక 1968లో ఆగిపోయింది. అంటే డాక్ సావేజ్ సినిమా వచ్చేసరికి ఆ సరదా తీరి ఏడేళ్లు. అరువు తెచ్చుకున్నదీ పాతబడ్డదీ కూడా.

ఈ దెబ్బ డాక్ సావేజ్ ఒక్కడికే తగల్లేదు. ఇంగ్లండులో పీటర్ ఓడానెల్ సృష్టించిన మోడెస్టీ బ్లెయిజ్ అనే సాహసికురాలి కథ 1966లో సినిమాగా వచ్చింది. ఓడానెల్ స్వయంగా రాసిచ్చిన స్క్రిప్టుని పక్కన పడేసి వేషాల పండగలా తీశారు. ఆయన తన స్క్రిప్టుని నవలగా మార్చి 1965లోనే వేశాడు. సినిమాని ఇవాళ తలుచుకునేవాళ్లు తక్కువ. నవల మాత్రం నిలిచింది, దాని వెనక వరసగా మరిన్ని నవలలు వచ్చాయి.

ఇక్కడ నా వాదనకి పెద్ద సాక్షి జార్జ్ పాలే. 1953 నాటి 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్'ని చూడండి. వెల్స్ నవల విక్టోరియా కాలపు ఇంగ్లండులో జరుగుతుంది. పాల్ దాన్ని తన కాలపు కాలిఫోర్నియాకి తరలించాడు. నవలలో మూడు కాళ్ల మీద నడిచే అంగారకుల యంత్రాలు సినిమాలో తేలియాడే లోహపు పక్షుల్లా మారాయి. పాత్రలు మారాయి. అణుబాంబు వచ్చి చేరింది. ఇన్ని మార్చినా వెల్స్ పాఠకులు దాన్ని దగ్గరకు తీసుకున్నారు. ఎందుకంటే నవల వణికించిన చోట సినిమా కూడా వణికించింది. డాక్ సావేజ్‌లో అదే మనిషి పాత్రల పేర్లు ఉంచాడు, 1930ల కాలాన్ని ఉంచాడు, కార్లు, దుస్తులు, అంతస్తు నంబరుతో సహా ఉంచాడు. పోయింది ఒక్కటే, ఆ కథ చెబుతున్నందుకు సిగ్గుపడకపోవడం. అది పోయాక మిగిలినవన్నీ ఉండి ప్రయోజనం లేకపోయింది.

కొందరు ఈ సినిమాని వెనకేసుకొస్తారు. పిల్లలకోసం తీసిన సరదా సినిమాకి ఇంత పట్టింపు ఎందుకంటారు. పిల్లల పేరు చెప్పడం నాకు నచ్చదు. పదేళ్ల కుర్రాడు కథ వింటున్నప్పుడు చూపించే శ్రద్ధ పెద్దవాడు చూపించడు. తాను నమ్మినదాన్ని ఎదుటివాడు వెక్కిరిస్తున్నాడని అందరికన్నా ముందు పసిగట్టేది పిల్లలే. హాస్యం వద్దని కాదు. డెంట్ నవలల నిండా హాస్యమే. మంక్ ఒక పందిపిల్లని పెంచుతూ, న్యాయవాది హామ్‌ని ఏడిపించడానికి దానికి హేబియస్ కార్పస్ అని పేరు పెడతాడు. ఆ హాస్యం కథలోపలి మనుషులది. ఒకరి మీద ఒకరు వేసుకున్నది, కథ మీద కాదు.

తెలుగువాళ్లకు ఈ తేడా కళ్లకు కట్టినట్టు చూపించిన సినిమా 1957లోనే వచ్చింది. 'మాయాబజార్' కథ వ్యాస భారతంలో లేదు, జనం నోట్లో పెరిగిన కథ. సినిమా అంతా నవ్వే. ఘటోత్కచుడు శశిరేఖ వేషం వేసుకుని చేసే ఆగడాలకి, లక్ష్మణకుమారుడి బింకానికి మూడు తరాలుగా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నాం. కానీ ఘటోత్కచుడి మాయ ఉత్తదని కె.వి. రెడ్డి గారు ఒక్క షాటులోనూ మనతో అనలేదు. ఎస్.వి. రంగారావు గారు ఆ పాత్రని పైనుంచి చూసి నటించలేదు. అందుకే ఇంత నవ్వులోనూ ఘటోత్కచుడు మనకి ఘటోత్కచుడే.

అమెరికాలో కూడా ఈ పాఠం తెలిసిరావడానికి మూడేళ్లే పట్టింది. 1978 డిసెంబరులో అదే వార్నర్ బ్రదర్స్ సంస్థ రిచర్డ్ డానర్ తీసిన 'సూపర్‌మ్యాన్'ని విడుదల చేసింది. మనిషి ఎగరడాన్ని ప్రేక్షకుడు నమ్మి తీరాలన్నది డానర్ పట్టుదల. ప్రపంచమంతా నమ్మింది. ఇక్కడ డాక్ సావేజ్ అభిమానుల గుండెల్లో కలుక్కుమనే సంగతొకటుంది. సూపర్‌మ్యాన్ కామిక్స్‌లో 1938లో పుట్టాడు. డాక్ అతనికన్నా ఐదేళ్లు పెద్ద. సూపర్‌మ్యాన్ మానవలోకపు పేరు క్లార్క్, డాక్ పేరూ క్లార్కే. అతను ఉక్కు మనిషి, ఇతను కంచు మనిషి. ధ్రువపు మంచులో ఏకాంత దుర్గం సూపర్‌మ్యాన్‌ది అని లోకం అనుకుంటుంది. ఆ పేరుతో ఆ దుర్గం అంతకుముందే డాక్‌కి ఉంది. తమ్ముడికి దక్కిన గౌరవం అన్నకి దక్కలేదు. మరో మూడేళ్లకి, 1981లో, స్పీల్‌బర్గ్, లూకాస్ కలిసి 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్' తీశారు. 1930ల కాలం, అడవులు, గుప్తనిధులు, విమానాలు, చెయ్యి తిరిగిన పండితుడు. డెంట్ రాసిన ప్రపంచమే అది, పేర్లు వేరు. నవ్విస్తూనే నమ్మించారు.

డాక్ సావేజ్ సినిమా చివర రెండో భాగం వస్తుందని ప్రకటన కూడా వేశారు. మొదటిది డబ్బు తేలేదు, రెండోది రాలేదు. జార్జ్ పాల్ మళ్లీ సినిమా తీయకుండానే 1980లో చనిపోయాడు. అంతటి మనిషి చివరి సినిమా ఇది కావడం నాకు చాలా బాధగా ఉంటుంది.

పుస్తకాల వైపు మాత్రం బాగానే జరిగింది. బాంటమ్ వాళ్లు పట్టు వదలకుండా 1990 నాటికి 181 నవలలనీ తిరిగి అచ్చువేశారు. 1985లో అమెరికా నేషనల్ పబ్లిక్ రేడియో రెండు నవలలను 13 భాగాల నాటకంగా ప్రసారం చేసింది. 'ఫియర్ కే', 'ది థౌజండ్ హెడెడ్ మ్యాన్' ఆ రెండూ. వెక్కిరింత లేదు, కన్ను గీటడం లేదు, డెంట్ రాసినట్టే గొంతులతోనూ శబ్దాలతోనూ కథ నడిపించారు. తెర మీద అంత డబ్బు పోసి చేయలేని పని ఒక చిన్న స్టూడియోలో మైకు ముందు నిలబడ్డ నటులు చేశారు. అభిమానుల్ని అడిగితే డాక్ సావేజ్‌కి న్యాయం చేసినవాటిలో దాన్ని ముందు వరసలో చెబుతారు. రేడియో మనిషిగా నాకది గర్వంగా ఉంటుంది.

2016లో దర్శకుడు షేన్ బ్లాక్, నటుడు డ్వేన్ జాన్సన్‌తో డాక్ సావేజ్ తీస్తున్నట్టు వార్త వచ్చింది. అదీ ముందుకు సాగలేదు. కంచు మనిషి మీద ఇవాళ్టికీ ఉన్నది 1975 నాటి ఆ ఒక్క సినిమాయే.

అందుకని నాదొక విన్నపం. ఈ సినిమా మీకు ఎప్పుడైనా ఎదురుపడితే చూడండి, రాన్ ఈలీ కోసం చూడండి, ఆ పచ్చ పాముల కోసం చూడండి. కానీ దాన్ని చూసి లెస్టర్ డెంట్‌ని అంచనా వేయకండి. మొదటి నవల సంపాదించి, ఇంట్లో పదేళ్లు దాటిన పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని, 86వ అంతస్తు కిటికీలోంచి తూటా వచ్చే దాకా చదివి వినిపించండి. అక్కడ ఆపితే వాళ్లు ఊరుకోరు.